ఇంట్లో మనిషి లాంటిది

మా వాళ్ళలో పైదేశాలకి పోయొచ్చిన వాళ్ళు తక్కువ. పోయొచ్చిన ఆ కొద్దిమందీ ఒకటే మాట చెబుతారు. "అక్కడ కులం లేదబ్బా. పక్కన కూచోబెట్టుకుని అన్నం పెడతారు." నేనూ పోయొచ్చాను. నన్నూ పక్కన కూచోబెట్టుకునే పెట్టారు. అయినా ఆ మాట నేను చెప్పను. ఎందుకు చెప్పనో చెప్పటానికే ఇది రాస్తున్నాను.

2013 ఏప్రిల్, మే నెలల్లో ఎనిమిది వారాలు గ్వాటెమాలా దేశంలో, ఆంటిగ్వా అనే ఊళ్ళో స్పానిష్ చదువుకుంటూ ఒక ఇంట్లో ఉన్నాను. మొదటిరోజు పొద్దున్నే ఆ ఇంటామె నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళి గోడకి తగిలించిన పెనం ఒకటి సంబరంగా చూపించింది. "ఇది మీ వాళ్ళ పెనం" అంది. నాకు ముందు ఇండియా నుంచి వచ్చిన విద్యార్థి ఒకాయన ఆ ఇంట్లో ఉండిపోయాడంట. మాంసం వండిన పెనం తనకి వాడొద్దన్నాడంట. పాపం ఆమె బజారుకి పోయి కొత్త పెనం కొనుక్కొచ్చింది. ఆయన పోయాక కూడా దాన్ని ఎవరూ ముట్టకుండా దాచింది, మళ్ళా ఇండియా నుంచి ఎవరన్నా వస్తే పనికొస్తుందని.

ముందు నాకు నవ్వొచ్చింది. తర్వాత ఒళ్ళు మండింది. మా ఊళ్ళో ఆసామి గొడ్లచావిడి చూరులో మా అమ్మ సత్తుగిన్నె దోపి ఉండేది. పేడకళ్ళెత్తి, చావిడి ఊడ్చాక ఆ గిన్నె తీసి దొడ్డివాకిట్లో పట్టుకుంటే ఆసామి పెళ్ళాం పైనించి పోసేది. తిని, కడిగి, మళ్ళా చూరులో దోపి రావాలి. ఇంట్లోకి పోగూడదు, వాళ్ళ గిన్నెలకి తగలగూడదు. మైల గిన్నె మాది, మడి పెనం ఆయనది. రెంటికీ పుట్టిల్లు ఒకటే. ఇన్ని సముద్రాలు దాటి నేను వచ్చేసరికి ఆ మడి పెనం నాకంటే ముందే వచ్చి మేకుకి వేలాడుతోంది. పైగా నా పేరు మీద!

అసలు నేనక్కడికి ఎందుకు పోయానో చెప్పాలి. రిగోబెర్తా మెంచూ పుస్తకం ఇంగ్లీషులో చదివాను. ఆమె కిచే జాతి మాయా స్త్రీ. కాఫీ తోటల్లో కూలికి పోయింది, రాజధానిలో ఇంటిపని చేసింది, పెద్దయ్యాక స్పానిష్ నేర్చుకుని 1983లో వచ్చిన ఆ పుస్తకంలో తన కథ చెప్పింది. 1992లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆ పుస్తకం చదువుతుంటే మా పల్లె కథ ఎవరో ఇంకో భాషలో చెప్పినట్టుంది. ఆ దేశపు ఆడవాళ్ళ వాంగ్మూలాలు ఇంకా చాలా ఉన్నాయనీ, అన్నీ స్పానిష్‌లోనే ఉన్నాయనీ తెలిసింది. హైదరాబాదులో కొద్దిగా నేర్చుకున్నాను. అది చాలలేదు. చిన్న గ్రాంటు, దానికి రెండింతలు అప్పు. అట్టా పోయాను.

ఆంటిగ్వా అందమైన ఊరు. దక్షిణాన ఆగ్వా అగ్నిపర్వతం, రాళ్ళు పరిచిన వీధులు, 1773 భూకంపంలో కూలిన చర్చీలు. యునెస్కో 1979లో ప్రపంచ వారసత్వ పట్టణమంది. స్పానిష్ బడులు ఆ ఊరికి పెద్ద వ్యాపారం. ఒక పంతులమ్మ, ఒక విద్యార్థి, మధ్యన చిన్న బల్ల. పొద్దున నాలుగు గంటలు పాఠం. మిగతా రోజంతా ఎవరో ఒకరి ఇంట్లో ఉండాలి. దాన్ని హోస్ట్ ఫ్యామిలీ అంటారు. వారం లెక్కన డబ్బు బడికి కడితే, బడి తన వాటా పట్టుకుని మిగతాది ఆ ఇంటికి ఇస్తుంది. గది, మూడుపూటలా తిండి, ఆదివారం మాత్రం తిండి లేదు. బడి కరపత్రంలో రాసుంది: "కుటుంబ సభ్యుల్లో ఒకరిలా చూసుకుంటారు." ఈ 'లా' అనే అక్షరం గుర్తుపెట్టుకోండి. దీనితో పని ఉంది.

మొదటి పాఠం: మీరెక్కడి వారు? నేను పుస్తకంలో చూసినట్టు "సోయ్ ఇందియా" అన్నాను. నేను ఇండియాదాన్ని అని. పంతులమ్మ కంగారుపడి చుట్టూ చూసింది. ఆ మాట ఇక్కడ అనకండి, 'ఇందూ' అనండి అంది. వాళ్ళు హకారం పలకరు. ఇందూ అంటే హిందూ.

విషయం ఏమిటంటే, 1492లో కొలంబస్ ఇండియాకని బయల్దేరి ఇంకెక్కడో దిగి, అక్కడి మనుషులకి ఇండియన్లని పేరు పెట్టాడు. ఆ తప్పుని ఐదొందల ఏళ్ళయినా దిద్దలేదు. ఆ నేల మనుషులు ఇప్పటికీ 'ఇందియో'లే. గ్వాటెమాలాలో ఆ మాట తిట్టు. పిల్లోడు మొండికేస్తే "ఇందియోలా చెయ్యకు" అంటారు. మా ఊళ్ళో "మాలదానిలా ఏందా అరుపులు" అన్నట్టే. కాబట్టి మన దేశం నించి పోయినవాళ్ళని ఆ తిట్టు నించి కాపాడటానికి, ముస్లిమైనా సిక్కైనా అందర్నీ హిందువులనేస్తారు. అది గౌరవమని వాళ్ళ నమ్మకం.

"నేను హిందువుని కాను" అన్నాను. ఆమెకి అర్థంకాలేదు. నాకొచ్చిన నలభై క్రియాపదాలతో ఎట్టా చెప్పను? అంబేద్కర్ 1935లో యేవలాలో, హిందువుగా పుట్టాను గాని హిందువుగా చావను అని ప్రకటించి, 1956 అక్టోబరు 14న నాగపూరులో లక్షలమందితో బౌద్ధం తీసుకున్నాడని చెప్పనా? మా తాతలకి బడి చెప్పింది లూథరన్ మిషన్ వాళ్ళనీ, ఆదివారం మేం చర్చికి పోయేవాళ్ళమనీ, కానీ 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకి ఎస్సీ హోదా లేదు గనక సర్టిఫికెట్‌లో హిందూ-మాల అని రాయించుకోక తప్పని బతుకు మా పల్లెలో ఇంటింటిదనీ చెప్పనా? గుడిలోకి రానివ్వని మతం పేరు కాగితంలో రాసుకుంటేనే ఇక్కడ హాస్టల్లో సీటు. అదే పేరు చెప్పుకుంటేనే అక్కడ మర్యాద. ఈ హిందూ అనేవాడు నన్ను వదిలేట్టు లేడు.

"అయితే ఇందియా అనే చెప్పుకుంటాను" అన్నాను. "మీ ఇష్టం. కానీ మిమ్మల్ని వాళ్ళల్లో కలిపేస్తారు" అంది. కలిపేస్తే కలపనీ. ఆ మాట ఆరోజు పౌరుషంగానే అన్నాను. అది తేలిగ్గా అనగలిగానని తర్వాత తెలిసింది. నా జేబులో తిరుగు టికెట్టుంది.

కులానికి మీ భాషలో ఏమంటారని ఇంకోరోజు అడిగాను. 'కాస్తా' అంది. ఇంగ్లీషువాడి కాస్ట్ అనే మాటే పోర్చుగీసువాళ్ళ కాస్తా నుంచి వచ్చింది. వలస కాలంలో మెక్సికోలో బొమ్మలు గీయించేవాళ్ళు. తండ్రి స్పెయిన్‌వాడు, తల్లి ఇందియా, బిడ్డ మెస్తీసో. తండ్రి స్పెయిన్‌వాడు, తల్లి నల్లజాతిది, బిడ్డ ములాతో. అట్టా వరసగా ప్రతి సంకరానికీ ఒక పేరు. మనువు తన పదో అధ్యాయంలో చేసిన పని అదే గదా! ఈయన శ్లోకాల్లో గీశాడు, వాళ్ళు రంగుల్లో గీశారు. "అదంతా పాతకాలం. 1821లో స్వాతంత్ర్యం రాగానే పోయింది" అంది పంతులమ్మ. మా దగ్గర కూడా అంటరానితనం రాజ్యాంగం 17వ అధికరణంతో పోయిందని చెప్పాను. ఆమె సంతోషించింది.

ఇక వంటింటి సంగతి.

ఆ ఇంట్లో ఒక అమ్మాయి పని చేసేది. పదిహేడో పద్దెనిమిదో ఉంటాయి. ఆగ్వా కొండ వాలు మీది పల్లె నించి వచ్చింది. కాక్చికెల్ జాతి, అది మాయాల్లో ఒక జాతి. తన వీపిల్ తొడుక్కునేది, అంటే వాళ్ళు మగ్గం మీద నేసుకునే రంగుల రవిక. ఏ ఊరి నేత ఏదో వాళ్ళలో తెలిసినవాళ్ళు ఇట్టే చెబుతారు. మనకి ఇంటిపేరు ఎట్టాగో వాళ్ళకి వీపిల్ అట్టాగ. చూడగానే ఊరూ జాతీ తెలిసిపోతాయి. ఆమె పేరు ఇక్కడ రాయను, రాయొద్దంది. ఆ ఇంట్లో మాత్రం ఆ పేరు ఎవరూ వాడలేదు. 'ముచాచా' అనేవాళ్ళు, పిల్లా అని. ఇంటామె చెల్లెలు వస్తే 'మరియా' అనేది. ఆమె పేరు మరియా కాదు. అక్కడి లదీనోలకి, అంటే స్పానిష్ మాట్లాడుతూ తాము ఇందియోలం కామనుకునే జనానికి, వీపిల్ తొడిగిన ప్రతి ఆడదీ మరియానే.

ఆదివారం సాయంత్రం వచ్చేది, శనివారం సాయంత్రం పోయేది. తెల్లారి ఐదింటికి లేచేది. రాత్రి మేం తిన్న పళ్ళేలు తోమి, తుడిచి, పీలా పక్కనున్న గదిలో పడుకునేది. పీలా అంటే పెరట్లో నీళ్ళతొట్టీ బట్టలుతికే బండా కలిపి కట్టిన సిమెంటు దిమ్మె. ఆ గదిలో గ్యాసు సిలిండరు, చీపుళ్ళు, ఒక మంచం. ఆ దేశపు కార్మిక చట్టం 164వ అధికరణం ఇంటిపనికి పనిగంటల హద్దు లేదంటుంది. రోజుకి పది గంటలు విశ్రాంతి ఇస్తే చాలంట. అంటే పద్నాలుగు గంటలు చాకిరీ చేయించుకోవచ్చని చట్టమే చెప్పింది.

పీలా కింద అరలో ఒక నీలం ప్లాస్టిక్ పళ్ళెం, ఒక ప్లాస్టిక్ కప్పు. అవి ఆమెవి. మేం బల్ల మీద తిని లేచాక ఆమె వంటింట్లో చిన్న పీట మీద కూచుని అందులో తినేది. మాకు కూరలో మాంసం, ఆమెకి నల్ల చిక్కుడుగింజలు, తోర్తియాలు. ఇది నేను మొదటిరోజే చూశాను. చూసీ మూడువారాలు నోరు మెదపలేదు. తిన్న పళ్ళెం బల్ల మీదే వదిలేసి లేచిపోయాను, ఆమె తీసింది. మాలపల్లెలో పుట్టినదాన్ని, చూరులో గిన్నె చూస్తూ పెరిగినదాన్ని, ఇంకొకరు నా ఎంగిలి పళ్ళెం తీస్తుంటే స్పానిష్ క్రియాపదాలు వల్లెవేసుకున్నాను. నాకు హాయిగానే ఉంది. ఇది దాచి మిగతాది రాస్తే ఈ వ్యాసం అబద్ధం.

ఆమె వేరుగా ఎందుకు తింటుందని ఒకసారి అడిగాను. "ఆమెకి అదే అలవాటు, అక్కడైతే తీరిగ్గా తింటుంది. ఆమె మా ఇంట్లో మనిషి లాంటిది" అంది ఇంటామె. నా భుజం మీద చెయ్యేసి "నువ్వూ మా ఇంట్లో మనిషి లాంటిదానివే" అంది. ఒకే ఇంట్లో ఒకే నోటితో ఇద్దరికీ ఒకే మాట! ఒకతె డబ్బు కట్టి 'లాంటిది' అయింది. ఇంకొకతె చాకిరీ చేసి 'లాంటిది' అయింది. మా ఊళ్ళో కూడా పాలేర్లని అట్టాగే అనేవాళ్ళు. "మావాడే, మా ఇంట్లో మనిషి లాంటోడే." లాంటోడు గనకే కొట్టంలో పడుకునేవాడు. ఇంట్లోవాడైతే ఇంట్లో పడుకునేవాడు గదా.

భాషలో కూడా ఇదే. వ్యాకరణం పుస్తకంలో 'నువ్వు'కీ 'మీరు'కీ మూడు మాటలు: తు, వోస్, ఉస్తెద్. ఉస్తెద్ మర్యాద. వోస్ స్నేహితుల మధ్య చనువు అని పంతులమ్మ చెప్పింది. బాగుంది. ఆ ఇంట్లో అరవై దాటిన ఇంటామె ఆ అమ్మాయిని వోస్ అంటుంది. సరే, పెద్దది. ఆమె ఎనిమిదేళ్ళ మనవడు కూడా వోస్ అంటాడు! ఆ అమ్మాయి వాడిని ఉస్తెద్ అంటుంది. మా ఊళ్ళో ఆసామి మనవడు లాగు కట్టుకోటం రాని వయసులో మా తాతని "ఒరే" అనేవాడు. మా తాత "అట్టాగే బాబుగారూ" అనేవాడు. చనువైతే అటూ ఇటూ పోవాలి. ఒకవైపే పోయేది చనువెట్టా అవుతుంది? ఇది పుస్తకంలో లేదేమని అడిగితే పంతులమ్మ "అది వ్యాకరణం కాదు" అంది.

ఇంకొకటి. ఆ అమ్మాయికి కూడా స్పానిష్ పుట్టుభాష కాదు. ఇంట్లో కాక్చికెల్. నేను డాలర్లు కట్టి నేర్చుకుంటున్న భాషని ఆమె తిట్లు తిని నేర్చుకుంది. నేను తప్పు మాట్లాడితే అందరూ ముద్దుగా నవ్వేవాళ్ళు. ఆమె తప్పు మాట్లాడితే "ఇందియా" అనేవాళ్ళు.

నా తిండి గొడవ చెప్పాలి. నేను ఇందూని గనక నాకు ఎద్దుమాంసం పెట్టేవాళ్ళు కాదు. పదిరోజులు గుడ్లు, చిక్కుడుగింజలు, అరటికాయ వేపుడు, అదీ ఆ మడి పెనంలో. చివరికి చెప్పాను: నేను గొడ్డుమాంసం తింటాను, మా పల్లెలో అందరం తింటాం, అమ్మ ఎండబెట్టి దండేనికి వేలాడదీసేది అని. ఇంటామె ముఖం చూడాలి! "మరి ఆవు మీకు దేవుడు గదా?" "నాకు కాదు." "అయితే నువ్వెట్టాంటి ఇందూవి?" అంతకుముందు ఉండిపోయిన ఆయన ఆ ఇంటికి హిందూమతం బాగానే నేర్పిపోయాడు. ఆ రాత్రి నాకూ మాంసం పులుసు పెట్టింది గాని, అప్పట్నించీ నా వైపు చూసే చూపు కొంచెం మారింది. మంచి ఇందూ కాదు ఈమె, ఏదో తక్కువ రకం అని అర్థమయినట్టుంది. కులం గురించి నేనొక్క ముక్క చెప్పలేదు. తిండిని బట్టి మనిషిని కొలిచే తూకం ఆమె దగ్గర ముందే ఉంది.

ఆ తూకం తెలిసిన మనిషి ఇంకొకడు దొరికాడు. అమెరికాలో డాక్టరీ చదివే తెలుగు కుర్రాడు. రోగులతో మాట్లాడటానికి స్పానిష్ కావాలని రెండువారాలకి ఆ బడికే వచ్చాడు. తెలుగు వినపడగానే నాకు ప్రాణం లేచొచ్చింది, అబద్ధమెందుకు. "ఏ ఊరండీ?" "తెనాలి దగ్గర." "అబ్బ, మా అమ్మమ్మవాళ్ళదీ ఆ పక్కేనండీ! మీ ఇంటిపేరు?" చెప్పాను. కాసేపు ఆలోచించాడు. ఆ ఇంటిపేరు రెండు మూడు కులాల్లో ఉంది. "అంటే… మీరు ఎవరండీ?" "మాలోళ్ళం" అన్నాను. "ఓ, నేనవన్నీ పట్టించుకోనండీ." పట్టించుకోనివాడివి మూడు ప్రశ్నలెందుకు అడిగావయ్యా? మర్నాటి నించి అతను నాతో ఇంగ్లీషులోనే మాట్లాడాడు.

ఆ నెలల్లోనే రాజధానిలో రియోస్ మోంత్ మీద విచారణ నడుస్తోంది. 1982 మార్చి నించి 1983 ఆగస్టు దాకా దేశాన్నేలిన సైనిక నియంత. 1960 నించి 1996 దాకా సాగిన యుద్ధంలో చచ్చినవాళ్ళూ మాయమైనవాళ్ళూ రెండు లక్షలకి పైనేనని 1999లో సత్య సంఘం తేల్చింది. గుర్తుపట్టిన మృతుల్లో నూటికి 83 మంది మాయాలు. ఇతని మీద కేసు, తన పాలనలో 1,771 మంది ఇషీల్ మాయాలని చంపించాడని. ఇషీల్ ఆడవాళ్ళు కోర్టుకొచ్చి, తలమీద పైటలు కప్పుకుని, సైనికులు తమని ఏం చేశారో తమ భాషలో చెబుతుంటే, దాన్ని స్పానిష్‌లోకి మార్చి టీవీలో చూపించేవాళ్ళు. నేను ఏ భాష కోసం పోయానో ఆ భాష మొదటిసారి నాకు పూర్తిగా అర్థమయింది అక్కడ.

రాత్రి బల్ల దగ్గర ఇంటామె అల్లుడు చికెన్ కోసుకుంటూ అన్నాడు: "జాతిహననం జరగలేదు. యుద్ధమన్నాక రెండువైపులా చస్తారు. ఎవడో డబ్బులిచ్చి వీళ్ళతో చెప్పిస్తున్నాడు." ఆ రోజుల్లో పేపర్ల నిండా అదే వాదన. నాకు చుండూరు గుర్తొచ్చింది. 1991 ఆగస్టు 6. ఎనిమిది మంది మా వాళ్ళని తరిమి తరిమి నరికి, గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ వారమంతా మా పల్లెలో మగాళ్ళు కర్రలు పట్టుకుని రాత్రిళ్ళు కాపలా. ఊళ్ళో ఆసాములు ఏమనేవాళ్ళో తెలుసా? "గొడవలన్నాక రెండువైపులా ఉంటాయి. ఎవరో వెనకుండి మాలోళ్ళని రెచ్చగొడుతున్నారు." భాషలు వేరు గాని ఆ ముద్ద మింగుతూ అనే తీరు ఒకటే.

మే 10న తీర్పొచ్చింది. ఎనభై ఏళ్ళ జైలు. ఆ రాత్రి టీవీలో కోర్టు హాలు చూపిస్తున్నారు, జనం ఏడుస్తున్నారు, పాడుతున్నారు. తల తిప్పి చూస్తే వంటింటి గుమ్మంలో ఆ అమ్మాయి. చేతులకి సబ్బునురగ. ముఖంలో ఏముందో నేను వర్ణించను. ఇంటామె కూడా వెనక్కి చూసింది. "గిన్నెలు వాటంతటవే తోముకుంటాయా?" అంది. వోస్ రూపంలో.

మర్నాటి నించి నేను నా పళ్ళెం తీసుకుని వంటింట్లోకి పోయాను. ఆ అమ్మాయి పక్కన ఇంకో పీటేసుకుని తిన్నాను. ఆమె వద్దంది, నేను వినలేదు. నిప్పుల మీద వేయించి దంచిన ఎండుమిరపకాయ, ఉప్పు పెట్టింది. మిరపకాయ మా గుంటూరుదని నేను, కాదు మాదని ఆమె. ఆమెదే నిజం. పోర్చుగీసు ఓడలు ఆ ఖండం నించి తెస్తేనే మనకది తెలిసింది. ఆ పదిరోజుల్లో బడిలో వచ్చినదానికంటే ఎక్కువ స్పానిష్ నాకు ఆ పీట మీద వచ్చింది. తను నన్ను సేన్యో అనేది, అమ్మగారూ అన్నట్టు. పేరుతో పిలవమంటే తలూపి మళ్ళా సేన్యో అనేది. నేను హైదరాబాదులోని మిత్రులకి గొప్పగా ఉత్తరాలు రాశాను, బల్ల బహిష్కరించానని. రెండు గ్లాసుల పద్ధతి మీద గ్వాటెమాలాలో పోరాటం చేస్తున్నట్టు.

మే 20న అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు కొట్టేసింది. పదిరోజుల ముచ్చట. (నేను తిరిగొచ్చాక ఏడాది తిరక్కుండానే, 2014 ఏప్రిల్ 22న, మన హైకోర్టు చుండూరు కేసులో ముద్దాయిలందర్నీ వదిలేసింది. 2007 జులై 31న ప్రత్యేక కోర్టు ఇరవై ఒక్కమందికి యావజ్జీవం వేసిన కేసు అది. రియోస్ మోంత్ మళ్ళా విచారణ పూర్తికాకుండానే 2018లో ముసలితనంతో చచ్చిపోయాడు.) ఆ రాత్రి అల్లుడు మందు సీసా తెచ్చాడు.

మే 22 బుధవారం బడి నించి వచ్చేసరికి ఆ అమ్మాయి లేదు. నీలం పళ్ళెం అరలో బోర్లించి ఉంది. "ఈమధ్య నెత్తికెక్కింది, పని మీద ధ్యాస లేదు, పంపించేశాను" అంది ఇంటామె, నా పళ్ళెంలో అన్నం వడ్డిస్తూ. నన్నేమీ అనలేదు. నన్నెందుకంటుంది? నేను వారం వారం డబ్బు తెచ్చే గొడ్డుని. బల్ల ధిక్కరించింది నేను, కూడు పోయింది ఆమెకి. సోమవారానికల్లా ఇంకో పిల్ల వచ్చింది, పదిహేనేళ్ళుంటాయేమో. అదే పీట, అదే పళ్ళెం.

ఆ పిల్లది కూడా అదే పల్లె. శనివారం సంతలో దొరుకుతారని చెప్పింది. సంత వెనక రంగురంగుల బస్సులాగే మట్టి మైదానంలో ఆ అమ్మాయి వాళ్ళమ్మతో కలిసి క్యారెట్లు అమ్ముతోంది. నేను ఉస్తెద్ అంటూ, నాకొచ్చిన స్పానిషంతా పోగేసి క్షమాపణ చెప్పుకున్నాను. ఆమె విని, "మీరు వంటింట్లోకి వచ్చి తింటే నాకు పని పోతుందని నాకు మొదటిరోజే తెలుసు సేన్యో" అంది. మరి చెప్పలేదేం అన్నాను. "వద్దన్నాను గదా. మీరు వినలేదు. మీరు సేన్యో."

ఈ మాట మన కార్యకర్తలందరికీ వినపడాలని రాస్తున్నాను. పై కులాల మిత్రులు మన వాడలకొచ్చి మన కంచాల్లో తిని, ఫోటోలు తీయించుకుని పోతే, తర్వాత ఊళ్ళో దెబ్బలు తినేది ఎవరని మనం అడుగుతుంటాం. సరైన ప్రశ్నే. అక్కడ ఆ పై కులం మిత్రుణ్ణి నేనే అయ్యాను. దలితురాలినన్న సర్టిఫికెట్టు నన్ను దాన్నించి కాపాడలేదు. ఆ అమ్మాయి 'వద్దు' అన్నప్పుడు ఎందుకని అడగాలన్న ఇంగితం నాకు లేకపోయింది. నాకు నా పౌరుషమే కనపడింది.

క్షమాపణ ఆమెకి అక్కర్లేదు. ఆమెకి కావాల్సింది జీతం. మే నెలలో చేసిన ఇరవై రెండు రోజులదీ ఇంటామె ఎగ్గొట్టింది. అడగటానికి వాళ్ళమ్మ పోతే గేటు తియ్యలేదు. "మీరు అడిగితే ఇస్తుంది" అంది ఆ అమ్మాయి.

ఇంటామెని అడిగాను. అది ఇంటి విషయం, నీకెందుకంది. 'ఇంట్లో మనిషి లాంటిదాన్ని' గదా అన్నాను. నవ్వలేదు. బడికి పోయాను. ఇళ్ళు చూసే ఆఫీసరమ్మ, "ఇవి వాళ్ళ ఆచారాలు, మనం అతిథులం" అంది. నా ఆఖరి వారం డబ్బు ఇంకా కట్టలేదు. అది కట్టననీ, జరిగినదంతా స్పానిష్‌లో, ఇంగ్లీషులో రాసి నోటీసు బోర్డుకి అంటిస్తాననీ చెప్పాను. ఆ బడికి వచ్చేవాళ్ళలో సగంమంది సమానత్వం మీద సెమినార్లకి పోయే కాలేజీ పిల్లలే. ఆఫీసరమ్మ ఫోను చేసింది.

నేను బయల్దేరే ముందురోజు రాత్రి ఇంటామె ఒక కవరు తెచ్చి నా ముందు బల్ల మీద పెట్టింది. "నిన్ను కూతుర్లా చూసుకున్నాను" అంది. కళ్ళనీళ్ళు కూడా తెచ్చుకుంది. అవి అబద్ధమని నేననను. నన్ను నిజంగానే బాగా చూసింది. జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డలు వేసింది. మా ఊరి ఆసామి పెళ్ళాం కూడా మా అమ్మకి కాన్పప్పుడు పాత చీరలిచ్చింది.

కవరు తీసి ఆమె ముందే లెక్కపెట్టాను. పదిహేను రోజులదే ఉంది. మిగతాది పగిలిన రెండు పింగాణీ కప్పులకీ, ఇస్త్రీలో కాలిన ఒక దుప్పటికీ పట్టుకున్నానంది. మర్నాడు పొద్దున విమానానికి పోయేముందు బస్సులాగే మైదానానికి పోయి ఆ అమ్మాయికిచ్చాను. ఆమె కూడా నా ముందే లెక్కపెట్టుకుంది, కాక్చికెల్‌లో, పెదాలు కదుపుతూ. రవికలో దోపుకుని, "ఏడు రోజులది తక్కువ సేన్యో" అంది.